తన శ్రుతి తానే కట్టుకున్న గాయని

ఈ పూట మీ ముందుకు ఒక గాయని కథతో వచ్చాను. ఆమె పేరు జోని మిచెల్. కెనడాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న మనిషి. తన పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడింది. పాప్ సంగీతంలో ఆమెను తలకెత్తుకున్న రోజుల్లోనే జాజ్ వైపు నడిచింది. ఆ నడకకు ధర చెల్లించింది. చివరికి జాజ్ వాళ్లే ఆమె పాటలు వెతుక్కుంటూ వచ్చారు.

ముందుగా ఒక పాట సంగతి చెబుతాను. 'బోత్ సైడ్స్ నౌ' అనే పాట ఆమె 1967లో రాసింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. 1969లో తన గొంతుతో రికార్డు చేసింది. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. గొంతు పల్చగా, ఎత్తుగా, పిట్టలా ఎగురుతూ ఉంటుంది. మబ్బుల దగ్గర మొదలై జీవితం దాకా వెళ్లే పాట అది. ఆ వయసులో అంత మాట ఎలా రాసిందా అని వినేవాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది.

ఇదే పాటను ఆమె మళ్లీ పాడింది. ఆ రికార్డు 2000లో వచ్చింది. ఈసారి వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఉంది. గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది. చిన్నప్పటి నుంచీ తాగిన సిగరెట్లు, దాటి వచ్చిన యాభై ఏళ్లు, రెండూ ఆ గొంతులో ఉన్నాయి. నడక నెమ్మదించింది, పాట నిడివి ఒక నిమిషానికి పైగా పెరిగింది. ఒక్కో మాటనూ తాళం కన్నా కాస్త వెనక్కి లాగి, ఆలోచించుకుని వదిలినట్టు వదులుతుంది. 'లవ్ యాక్చువల్లీ' అనే ఇంగ్లీషు సినిమా చూసినవాళ్లకు ఈ రెండో రికార్డు గుర్తుండే ఉంటుంది. భర్త మోసం చేశాడని తెలుసుకున్న ఇల్లాలు పడకగదిలో ఒంటరిగా నిలబడి కళ్లు తుడుచుకునే దృశ్యంలో వినిపించేది అదే.

మాటలు అవే, బాణీ అదే. మొదటిది జానపద ఛాయలున్న పాప్ పాట. రెండోది జాజ్ గాయని పాడిన పాట. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది.

జోని 1943 నవంబర్ 7న కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, ఫోర్ట్ మెక్‌లాడ్ అనే ఊళ్లో పుట్టింది. పెరిగింది పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లో. కనుచూపు మేరా గోధుమ చేలు, వాటి మీద ఆకాశం, మధ్యలో రైలు పట్టాలు. తల్లి టీచరు. తండ్రి కిరాణా దుకాణంలో పనిచేసేవాడు, బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. చిన్నప్పుడు జోనికి బొమ్మలు వేయడమంటే ప్రాణం. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు. తన ఆల్బమ్‌ల అట్టల మీద బొమ్మలు చాలావరకు ఆమె వేసుకున్నవే. బడిలో ఒక మాస్టారు, కుంచెతో బొమ్మ వేయగలిగితే మాటలతోనూ వేయగలవని చెప్పాడట. తన మొదటి ఆల్బమ్‌ను ఆమె ఆ మాస్టారికే అంకితం ఇచ్చింది.

తొమ్మిదో ఏట పోలియో వచ్చింది. మన దేశం పోలియో రహితమని ప్రకటించింది 2014లోనే కాబట్టి ఆ జబ్బు పేరు చెబితే మన పెద్దవాళ్లకు వేరే వివరించక్కర్లేదు. ఇంటికి దూరంగా ఆసుపత్రిలో, మళ్లీ నడుస్తుందో లేదో తెలియని స్థితిలో, ఆ పిల్ల మంచం మీద నుంచి క్రిస్మస్ పాటలు గొంతెత్తి పాడేదట. మొత్తానికి లేచి నడిచింది. కానీ ఎడమ చెయ్యి కొంత బలహీనపడింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆమె సంగీతం అంతా ఈ చేతిలో నుంచే వచ్చింది.

గిటారు కొనుక్కునే స్తోమత లేక మొదట ఉకులేలీ కొనుక్కుంది. తరవాత గిటారు చేతికొచ్చింది. గిటారు వాయించేటప్పుడు కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచేతి వేళ్లు తీగల్ని మెట్ల మీద నొక్కి స్వరాల్ని పట్టుకుంటాయి. మామూలు శ్రుతిలో ఉన్న గిటారు మీద కొన్ని కార్డులు పట్టాలంటే నాలుగు వేళ్లూ నాలుగు దిక్కులకు చాచాలి. కార్డు అంటే ఒకేసారి పలికే కొన్ని స్వరాల గుచ్ఛం. ఆమె చేతికి అది కష్టమైంది. అందుకని చేతిని గిటారుకు తగ్గట్టు వంచడం మాని, గిటారునే తన చేతికి తగ్గట్టు మార్చుకుంది. తీగల్ని వేరే శ్రుతుల్లో కట్టుకుంది.

ఇది మన వీణ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మా అమ్మ వీణ వాయించేది. ఎడమచెయ్యి ఆనించకుండానే నాలుగు తీగల మీదా వేలు జారిస్తే షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, పంచమం పలికేవి. ఆ తీగలు ఊరికే మోగినా వినసొంపుగా ఉంటాయి. మామూలు గిటారు అలా కాదు. ఏమీ నొక్కకుండా మీటితే దానికొక రూపం ఉండదు. జోని చేసింది ఏమిటంటే, ఊరికే మీటినా ఒక భావం పలికేలా తీగల్ని సవరించుకోవడం. ఒక్కో పాటకు ఒక్కో శ్రుతి. అలా యాభై దాకా కట్టుకుందంటారు. కచేరీలో పాటకూ పాటకూ మధ్య నిలబడి బిరడాలు తిప్పుకుంటూ ఉండేది. ఈ తంటా భరించలేక ఒక దశలో కచేరీలే మానేద్దామనుకుంది. 1990లలో శ్రుతిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో మార్చే సాధనం చేతికొచ్చాకే ఆ కష్టం తీరింది.

ఇలా శ్రుతి మార్చడం వల్ల పుట్టిన కార్డులు పాప్ పాటల్లో మామూలుగా వినపడేవి కావు. దీన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే జాజ్ తలుపు తెరుచుకున్నది ఇక్కడే. పాశ్చాత్య సంగీతంలో ఒక కార్డు సంతోషంగా ఉందా విచారంగా ఉందా అని తేల్చేది అందులోని గాంధారం. శంకరాభరణంలో ఉండే అంతర గాంధారం అయితే ఒక వెలుగు, సాధారణ గాంధారం అయితే ఒక నీడ. జోని చేతికి అందిన కార్డుల్లో చాలావాటిలో గాంధారమే ఉండదు. దాని స్థానంలో మధ్యమమో రిషభమో ఉంటుంది. అంటే ఆ కార్డు ఏమీ తేల్చి చెప్పదు, అడుగుతుంది. ఆమె కూడా వాటిని ప్రశ్నలు వేసే కార్డులనే పిలుస్తుంది. అలాంటి కార్డు నుంచి అలాంటి మరో కార్డుకు వెళ్లకూడదని జాజ్ చదువుకునేటప్పుడు తమకు నేర్పారని వేన్ షార్టర్ అనే గొప్ప సాక్సోఫోన్ విద్వాంసుడు ఒకసారి తనతో అన్నాడని ఆమె చెబుతుంది. ఆమెకు ఆ నియమం తెలియదు. తన మనసు తేల్చుకోలేని చోట పాటనూ తేల్చకుండా వదిలింది.

ఇక బయటి జీవితం సంగతి త్వరగా చెబుతాను. 1965లో పెళ్లికాకుండానే తల్లయింది. చేతిలో డబ్బు లేక, అండ లేక, కూతుర్ని దత్తతకు ఇచ్చేసింది. ఆ ఏడే చక్ మిచెల్ అనే గాయకుణ్ని పెళ్లాడి అమెరికాలోని డెట్రాయిట్ చేరింది. పెళ్లి నిలవలేదు, ఇంటిపేరు నిలిచింది. కూతురు మళ్లీ కళ్లబడింది 1997లో. ఈ లోపు ఆ తల్లి మనసులో ఏముందో 1971లో వచ్చిన 'బ్లూ' ఆల్బమ్‌లోని ఒక పాట విన్నవాళ్లకు తెలుసు, కానీ అప్పట్లో ఆ పాట ఎవరి గురించో ఎవరికీ తెలియదు. 'బ్లూ' గురించి ప్రపంచమంతా రాసింది. అంత బయటపడి, అంత దాచుకోకుండా పాడినవాళ్లు అరుదు. దాన్ని మెచ్చుకోవడానికి నా మాటలు అక్కర్లేదు కనుక ముందుకు పోతాను.

'బ్లూ' తరవాత ఆమెకు వాద్య బృందం కావలసి వచ్చింది. వచ్చినవాళ్లు రాక్ సంగీతం వాయించేవాళ్లు. బలమైన దెబ్బ ఎక్కడ పడాలో వాళ్లకు లెక్క ఉంటుంది. ఈమె పాటలో ఆ దెబ్బ చెప్పిన చోట పడదు. వాక్యం ఎంత పొడుగుంటే పాట అంత సాగుతుంది, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది. ఎందరితో ప్రయత్నించినా కుదరలేదు. చివరికి ఆ డ్రమ్మర్లలోనే ఒకాయన, మీరు జాజ్ డ్రమ్మర్‌ను వెతుక్కోవడం మంచిదని చెప్పాడట. ఆ మాట ఎంత మేలు చేసిందో! ఆమె లాస్ ఏంజెలస్‌లో 'బేక్డ్ పొటాటో' అనే చిన్న క్లబ్బుకు వెళ్లి టామ్ స్కాట్ బృందాన్ని విన్నది. ఎల్.ఎ. ఎక్స్‌ప్రెస్ ఆ బృందం పేరు. వాళ్లతో కలిసి చేసిన 'కోర్ట్ అండ్ స్పార్క్' 1974 జనవరిలో వచ్చింది. అమెరికా పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. 'హెల్ప్ మీ' అనే పాట రేడియోల్లో మారుమోగింది, ఏడో స్థానానికి చేరింది. ఆమె పాటల్లో అంత పైకి వెళ్లింది మరొకటి లేదు. ఆ ఆల్బమ్ చివరి పాట 'ట్విస్టెడ్'. అది జోని రాసింది కాదు, అచ్చమైన జాజ్ పాట. తాను ఎటు పోతోందో ఆమె అక్కడే చెప్పేసింది.

ఎవరైనా అయితే ఏం చేస్తారు? అదే బాణీలో ఇంకో నాలుగు ఆల్బమ్‌లు చేస్తారు. ఆమె చేయలేదు. మరుసటి ఏడు వచ్చిన 'ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్'లో ఒక పాటకు ఆఫ్రికాలోని బురుండి డోళ్ల మోతను ఆధారం చేసుకుంది. సొంత బాధలు పక్కన పెట్టి, డబ్బున్న ఇళ్లలో ఊపిరాడక బతికే ఆడవాళ్ల గురించి రాసింది. అప్పటి విమర్శకుల్లో చాలామందికి అది రుచించలేదు. మినియాపోలిస్‌లో మాత్రం ఒక కుర్రాడు దాన్ని అరిగేదాకా విన్నాడు. తరవాత లోకమంతా ప్రిన్స్ అని పిలుచుకున్నది ఆ కుర్రాడినే.

1976లో 'హెజీరా' వచ్చింది. ఇక్కడ నేను కాస్త ఆగుతాను. నేను జోని మిచెల్‌ను మొదట విన్నది ఈ ఆల్బమ్‌తోనే. కెనడా నుంచి సెలవులకు వచ్చిన మా పెద్దన్నయ్య వదిలివెళ్లిన క్యాసెట్ల సంచిలో దొరికింది. మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా ఆ రాత్రి రెండు వైపులా తిప్పి మూడుసార్లు విన్నాను. నన్ను పట్టింది ముందుగా ఆమె గొంతు కాదు, కింద నుంచి మూలుగుతూ వచ్చే ఒక వాద్యం. అది వాద్యమా, ఇంకో మనిషి గొంతా అన్నది చాలాసేపు తేల్చుకోలేకపోయాను.

అది జాకో పాస్టోరియస్ వాయించిన బాస్ గిటారు. దానికి మెట్లు ఉండవు. మెట్లు లేకపోతే స్వరానికీ స్వరానికీ మధ్య గోడ ఉండదు, జారుకుంటూ పోవచ్చు. మన గోటువాద్యం విన్నవాళ్లకు ఆ జారుడు కొత్త కాదు. బాస్ వాయించేవాళ్ల పని మామూలుగా కింద పునాదిలా ఉండటం, ఆధార స్వరాన్ని పట్టుకుని కదలకుండా కూర్చోవడం. జోని ఆ కూర్చోవడాన్నే వద్దంది. తన కార్డులు ప్రశ్నలు అడుగుతూ ఉంటే కింద ఒకడు జవాబు చెప్పేసి కూర్చుంటే ఎలా? జాకో మాత్రం ఆమె పాడే వాక్యం వెంట నడుస్తాడు, పైకి ఎక్కి ఆమెతో మాట్లాడతాడు, ఆమె ఊపిరి తీసుకునే జాగాలో ఒక మాట వేసి దిగిపోతాడు. 'కొయోటే' అనే పాట వినండి, లేదా 'హెజీరా' అనే పాటే వినండి. గిటారు, గొంతు, ఆ బాస్, ఈ మూడూ ఒక రాత్రి కారులో పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేస్తున్నట్టుంటుంది. నిజానికి ఆ పాటలు చాలావరకు ప్రయాణంలో పుట్టినవే. ఆ ఏడు ఆమె అమెరికా తూర్పు కొస నుంచి కాలిఫోర్నియా దాకా ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చింది. హెజీరా అంటే హిజ్రత్, వలస పోవడం. ఉన్నచోటును గౌరవంగా వదిలి వెళ్లడమన్న అర్థంలో ఆమె ఆ పేరు ఎంచుకుంది.

నా తీర్పు అడిగితే పాప్, జాజ్ అనే రెండు మాటలు అవసరం లేకుండా పోయిన ఆల్బమ్ అది. ఆమె చేసినవాటిలో శిఖరం అదే.

మరుసటి ఏడు వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్‌లో 'పాప్రికా ప్లెయిన్స్' అని పదహారు నిమిషాల పాట ఉంది. చార్లెస్ మింగస్ దాన్ని విన్నాడు. మింగస్ అంటే జాజ్ ప్రపంచంలో డబుల్ బాస్ వాయించడంలోనూ, స్వరకల్పనలోనూ పర్వతం లాంటి మనిషి. కోపిష్టి అని పేరు. ఆ పాటలో తీగ వాద్యాల శ్రుతి కలవలేదని ఆయన కనిపెట్టాడు, అయినా ఆ పాట రాసిన మనిషి ధైర్యం ఆయనకు నచ్చింది. అప్పటికే ఆయనకు ఏ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు వచ్చింది. చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు, వేళ్లు కదలవు. జోనిని పిలిపించుకున్నాడు. తన దగ్గర కొన్ని బాణీలున్నాయి, వాటికి మాటలు రాసి పాడమన్నాడు. కెనడా గోధుమ చేల నుంచి వచ్చిన పాప్ గాయనిని ఒక నల్లజాతి జాజ్ దిగ్గజం చివరి రోజుల్లో ఏరికోరి పిలిచాడు.

ఆ బాణీల్లో ఒకటి ఆయన 1959లో చేసినది. అదే ఏడు చనిపోయిన సాక్సోఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు నివాళి. లెస్టర్ ఎప్పుడూ పెట్టుకునే టోపీ పేరే ఆ బాణీకి పేరు, 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్'. దానికి మాటలు రాయడం జోనికి ఎంతకీ తెగలేదు. చివరి చరణం దొరకడం లేదు. ఒక రాత్రి న్యూయార్క్‌లో భూగర్భ రైలు దిగి మెట్లెక్కి పైకి వస్తే వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఇద్దరు నల్లజాతి పిల్లలు నాట్యం చేస్తున్నారు. తలెత్తి చూస్తే అక్కడున్న ఒక బార్ పేరు పోర్క్ పై హ్యాట్. లోపల గోడల మీద లెస్టర్ ఫోటోలు. తాను వెతుకుతున్న చరణం ఆ వీధిలో నిలబడి ఉంది. చూసింది చూసినట్టు రాసుకుంది.

మింగస్ 1979 జనవరి 5న మెక్సికోలో చనిపోయాడు. యాభై ఆరేళ్లు. ఆయన గురించి ఆయన ఆత్మకథ మొదటి పేజీలను బట్టి జోని రాసిన ఒక పాట, ఆయన పోయిన రెండు రోజులకు పూర్తయింది. మిగతావన్నీ విన్నాడు, అదొక్కటే వినలేదు. ఆల్బమ్‌కు 'మింగస్' అనే పేరు పెట్టింది. జాకో, వేన్ షార్టర్, పియానో మీద హెర్బీ హాన్‌కాక్, అందరూ మొదటి వరస వాళ్లే వాయించారు. పాటల మధ్య మింగస్ మాట్లాడిన మాటల టేపులు కూడా కూర్చింది.

అమ్మకాలు పడిపోయాయి. పట్టికలో పదిహేడు దగ్గర ఆగింది. పాప్ వినేవాళ్లు ఇది మా జోని కాదన్నారు. జాజ్ వాళ్లలో కొందరు ఈమె మా మనిషి కాదన్నారు. రేడియో స్టేషన్లకు ఆమెను ఏ గంటలో వేయాలో తెలియలేదు. ఈ మాట రేడియోలో కూర్చుని చెప్పడం నాకు బాధగానే ఉంది, కానీ చెప్పాలి. పాటల్ని అరల్లో సర్దే అలవాటు వల్ల ఒక గొప్ప గాయని పదేళ్లకు పైగా తన శ్రోతలకు దూరమైంది. ఆమె తప్పేమీ లేదు.

ఎనభైలలో ఆమె మళ్లీ పాప్ వైపు వచ్చింది, సింథసైజర్లు వాడి చూసింది. ఆ కాలం పాటల్లో నాకు మనసుకు పట్టినవి తక్కువే. 1994లో వచ్చిన 'టర్బ్యులెంట్ ఇండిగో'తో మళ్లీ నిలదొక్కుకుంది, పాప్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఇన్ని మలుపుల్లోనూ ఒక మనిషి మాత్రం ఆమెను వదల్లేదు. 1977 నుంచి 2002 దాకా ఆమె చేసిన స్టూడియో ఆల్బమ్‌లన్నిటిలోనూ వేన్ షార్టర్ సాక్సోఫోన్ ఉంది. ఆమె అతనికి స్వరాలు చెప్పేది కాదట, బొమ్మలు చెప్పేది. చిత్రకారిణి కదా, అలాగే చెబుతుంది. అతనికి అది అర్థమయ్యేది.

2007లో హెర్బీ హాన్‌కాక్ ఆమె పాటలతో 'రివర్' అనే ఆల్బమ్ చేశాడు. అందులో కొన్ని పాటల్ని గొంతు లేకుండా, మాటలు లేకుండా, వాద్యాల మీదే వాయించారు. మాటల వల్లే ఆమె గొప్పదనేవాళ్లకు అంతకు మించిన జవాబు లేదు. పాడినవాళ్లలో నోరా జోన్స్ ఉంది, మన పండిట్ రవిశంకర్ కూతురు. ఆ అమ్మాయిదీ పాప్‌కూ జాజ్‌కూ మధ్య తిరిగే జీవితమే. 2008 ఫిబ్రవరిలో ఈ 'రివర్' ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. ఒక జాజ్ ఆల్బమ్‌కు ఆ బహుమానం రావడం నలభై మూడేళ్లలో అదే మొదటిసారి. ముప్పై ఏళ్ల కింద ఆమెను పదిహేడో స్థానంలో ఆపిన సంగీతమే, ఆమె పాటల దన్నుతో అక్కడికి చేరింది.

2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి ఆమె కుప్పకూలింది. మాట పోయింది, నడక పోయింది. తొమ్మిదో ఏట ఒకసారి నడక నేర్చుకున్న మనిషి డెబ్బై ఒకటో ఏట మళ్లీ నేర్చుకుంది. గిటారు మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో కూడా మరిచిపోయింది. చాలావరకు ఆమె సొంతంగా కట్టుకున్న శ్రుతులవి, అడగడానికి గురువు లేడు. తన పాత వీడియోలు చూసి, ఒకప్పటి తన చేతిని చూసి, నేర్చుకుంది.

2022 జూలై 24న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ముందుగా ఎవరికీ చెప్పకుండా వేదిక మీదికి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లు. కుర్చీలో కూర్చుని 'బోత్ సైడ్స్ నౌ' పాడింది. చుట్టూ ఉన్న యువ గాయకులు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ వీడియో అందరూ చూశారు. కానీ శ్రోతల్లారా, మీకు వీలైతే అదే రోజు ఇంకో వీడియో వెతికి చూడండి. కుర్చీలోంచి లేచి నిలబడి, ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని, 1974 నాటి 'జస్ట్ లైక్ దిస్ ట్రైన్' అనే పాటను వాయించింది. పాడలేదు, వాయించింది. మొదట ఆ రికార్డు వినండి, తరవాత ఈ వీడియో చూడండి. చూసేటప్పుడు ఆమె ముఖం కన్నా ఎడమచేతి మీద దృష్టి పెట్టండి.